కాగితం చుట్టిన సీసాలు

ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై ఏళ్ళు
ఆమ్లాలు కొలిచాను.
ఒక్కటీ నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు.

రిటైరయ్యాక ఒక సాయంత్రం
సలోమి ఇంట్లో, ఎవరో తెచ్చిన తెల్ల వైను
అరగ్లాసు పోసిందా,
నాలిక అంచున ఎక్కడో బ్యూరెట్ కుళాయి తిరిగింది.
ఒకే చుక్క, రంగు మారేంత.
ఈ పులుపు నాకు తెలుసు. పేరు తెలీదు.

అప్పట్నుంచి వెతుకులాట.
మన ఊళ్ళో వైన్ షాపంటే
వైను బోర్డు మీదే, లోపల ఉండదు.
మద్దిలపాలెంలో అడిగితే కుర్రాడు
"వైనంటే... వైనేనా మేడమ్?" అన్నాడు.
వెనక క్యూ అంతా నా చెప్పులకేసి చూసింది.
దుమ్ము తుడిచి, పేపర్లో చుట్టి, నల్ల కవర్లో దూర్చి,
ఫెయిలైన పిల్లాడి మార్కుల కార్డులా
చేతికిచ్చాడు.

ఖరీదైనదే మంచిదనుకున్నాను మొదట్లో.
మూడువేలు పోసి నోరు తిరగని పేరొకటి కొన్నాను.
స్కూటర్ డిక్కీలో పడేసి
జగదాంబ దగ్గర జాకెట్టు గుడ్డకి మ్యాచింగ్ వెతికేలోగా
మే నెల దాన్ని పులుసు పెట్టేసింది.

చోడిపల్లి ఎర్రయ్య
ఓడల్లో స్టూవర్డు చేసి దిగిన మనిషి.
ఇప్పుడు ఫిషింగ్ హార్బర్లో ఐసు లెక్కలు రాస్తాడు.
నా మూడువేల సీసా వాసన చూసి
"ఎండ తినేసిందమ్మా" అన్నాడు.
"తెల్లదానికి వయసేటి? నిరుడు పుట్టిందే తీసుకో.
కిటికీ పక్కన నిలబడ్డది వద్దు.
మూత తిప్పేదైతే నామోషీ ఏటి, కార్కు తాగుతావేటి?
మరీ ఐసులో పెట్టకు.
చలికి బిగుసుకున్నోడు నిజం చెప్పడు."

సీసా వెనక రాసిన పళ్ళు నేనెప్పుడూ తిన్లేదు.
నా నోటుబుక్కులో నా పళ్ళే రాసుకున్నాను.
నాసిక్ షెనిన్: దోర జామకాయ, గింజల దగ్గర.
సావిన్యోన్: రాచ ఉసిరి. చింతచిగురు నలిపిన వేళ్ళు.
ఏడొందల నలభైది ఒకటి:
డాల్ఫిన్ నోస్ రాతి మీద తొలి చినుకు,
ఆ తర్వాత ఉప్పుందో లేదో తేల్చుకోలేని గాలి.
ఇంకోటి: పెళ్ళిలో సెంటు. మళ్ళీ వద్దు.

ఒక ఆదివారం పెదవాల్తేరులో సలోమి మేడ మీద
ముగ్గురం, పళ్ళెం నిండా వేయించిన నెత్తళ్ళు,
తలో చోట కొన్న నాలుగు సీసాలు,
నాలుగూ పేపర్లోనే.
విప్పబోతే సలోమి చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ. పేరడిగి చూస్తామా నాడి?"
కేజీహెచ్ నర్సు కదా, తనే మార్కర్‌తో అంకెలేసింది.
సిగ్గు కోసం చుట్టిన కాగితానికి
అలా ఒక పని దొరికింది.

టీ గ్లాసుల్లో పోసుకున్నాం.
చర్చిలో నెలకో చెంచా తప్ప ఎరగని సలోమి
రెండోదానికి కళ్ళు మూసుకుంది.
నాకూ రెండోదే.
ఎర్రయ్య మూడోది తిప్పి, వాసన పట్టి, పుక్కిలించి,
సముద్రంకేసి ఒకసారి చూసి
"ఇది బోర్డో. అనుమానమే లేదు" అన్నాడు.

విప్పాం.
రెండోది ఏడొందల నలభై. నా తొలి చినుకు.
మూడోది పెళ్ళిలో సెంటు, నాలుగొందల యాభై,
సలోమి తెలీక కొనుక్కొచ్చింది.
నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాం.
ఎర్రయ్యా నవ్వాడు, అందరికన్నా గట్టిగా.
నెత్తల్లి తల తుంచుతూ
మెల్లిగా అన్నాడు:
"ముప్పై ఏళ్ళు పోశానే గానీ
తాగనిచ్చారేటి ఎవరైనా?
వాసనలూ, ఆళ్ళ మాటలూ,
అయ్యే నేర్చుకున్నాను."

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేశారు,
అవలేదు, మళ్ళీ చేశారు.

రెండోది అతని గ్లాసు నిండా పోశాను.
ఈసారి తిప్పలేదు. వాసన చూళ్ళేదు.
తాగి, చాలాసేపు ఊరుకుని
"పుల్లగుంది" అన్నాడు.

బాగుందా అని అడిగాను.

"పుల్లగుందమ్మా"
అన్నాడు మళ్ళీ,
గ్లాసు ముందుకు చాపుతూ.